ఎన్ని నీళ్లలో కలిపారు?



ఈ నెల ఆరో తరగతి పిల్లలు మిశ్రమాలను వేరుచేసే పాఠం చదువుతున్నారు. ఈపాటికి మీ వంటింట్లో ఉప్పూ ఇసుకా కలిపిన గిన్నె ఒకటి కనబడే ఉంటుంది. టీ వడగట్టే జాలీ పాడైందని ఒకరిద్దరు తల్లులు చెప్పారు కూడా. జాలీ సంగతికి క్షమించండి. ఈసారి నేను రాయాలనుకున్నది ఆ పాఠం పక్కనే ఉండే ఇంకో చిన్న విషయం గురించి. నీళ్లు కలిపి పలుచన చేయడం గురించి.

వేరుచేయడం నేర్పడానికి వరంగల్‌లో పెద్దగా కష్టపడక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్ ఎటువైపో తెలియని పిల్లలు తక్కువ. పత్తి నుంచి గింజ ఎలా విడిపోతుందో, వడ్ల నుంచి తాలు ఎలా ఎగిరిపోతుందో ఊరికి వెళ్లినప్పుడు చూసినవాళ్లు క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. "బియ్యంలో రాళ్లు ఎట్ల తీస్తరు?" అని అడిగితే, చేట పట్టుకున్నట్టు చేతులు ఆడించి చూపించిన అమ్మాయి ఉంది. మిగతావాళ్లు నవ్వారు గానీ, ఆ పూట పాఠం చెప్పింది ఆ అమ్మాయే.

పలుచన చేయడం అలా కాదు. చూడటానికి అందులో ఏమీ ఉండదు. నీళ్లు పోయడమే కదా! గాఢ ద్రావణం అంటే ఏమిటి, విలీన ద్రావణం అంటే ఏమిటి అని రెండు నిర్వచనాలు బోర్డు మీద రాస్తాం, పిల్లలు దింపుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. రికార్డులో 'పరిశీలన' అనే చోట ఏం రాయాలో కూడా నేనే చెప్పేదాన్ని. చూడకముందే రాసేదాన్ని పరిశీలన అని ఎలా అంటారని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

నిరుడు వానాకాలంలో మా చిన్నోడికి విరేచనాలు పట్టుకున్నాయి. యూకేజీ చదివే పిల్లాడు. మందుల షాపు నుంచి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెచ్చాను. వాడు ఏదీ నాలుగు గుటకల కంటే ఎక్కువ తాగడు కాబట్టి, సగం ప్యాకెట్ ఒక గ్లాసు నీళ్లలో కలిపాను. కొంచెమే తాగినా బలంగా ఉంటుందని నా లెక్క. మిగతా సగం మడిచి డబ్బాలో పెట్టాను. రాత్రి అలాంటిదే ఇంకో గ్లాసు. తెల్లారేసరికి విరేచనాలు తగ్గలేదు సరికదా, వాడు దాహం దాహం అని ఏడుస్తున్నాడు, పెదవులు ఎండిపోయాయి. ఆటోలో హాస్పిటల్‌కి పరుగెత్తాం.

డాక్టరు గారు కడుపు నొక్కి చూసి, నాలుక చూసి, అడిగిన మొదటి మాట ఇది. "ప్యాకెట్ ఎన్ని నీళ్లల్ల కలిపిన్రమ్మా?"

చెప్పాను.

"మీరేం చేస్తరు?"

"సైన్స్ టీచర్‌ని సార్."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఖాళీ ప్యాకెట్ ఒకటి తీసి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టారు. ఒక లీటరు అని రాసి ఉంది. నేను చదవనిది ఆ ఒక్క మాటే. రక్తపరీక్షలో సోడియం ఎక్కువగా ఉందని వచ్చింది. వాడు ఒక రాత్రంతా సెలైన్ మీద ఉన్నాడు. ఆ రాత్రి మంచం పక్కన కూర్చుని ఏం ఆలోచించానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను చేసిన తప్పులు రెండు. రెండూ ఆరో తరగతి పాఠంలోనివే.

మొదటిది గాఢత. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉండాలి. సగం ప్యాకెట్‌కి అర లీటరు నీళ్లు కావాలి. నేను పోసింది గ్లాసుడు. అంటే ఉండాల్సిన దానికి రెట్టింపు చిక్కదనం. చిక్కగా ఉంటే ఏమవుతుందో మీకు పుస్తకం లేకుండానే తెలుసు. తొక్కు పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మర్నాటికి గిన్నెలో ఊట నిండుతుంది కదా, ఆ నీళ్లు ఎక్కడివి? ముక్కలోవే. ఉప్పు బయటికి లాగింది. చిక్కటి ఓఆర్‌ఎస్ కూడా పేగులో అదే పని చేస్తుంది. ఒంటికి నీరు ఇవ్వాల్సింది పోయి ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి, దాహం పెరుగుతుంది.

రెండోది ఇంకా చిన్న తప్పు, ఇంకా సిగ్గుపడాల్సింది. ప్యాకెట్‌లో ఉన్నది నాలుగు పొడుల మిశ్రమం. సగం పొడి పోస్తే నాలుగూ సరిగ్గా సగం సగం వస్తాయని నమ్మకం ఏముంది? వేరుశెనగలూ పుట్నాలూ కలిపిన పొట్లం నుంచి గుప్పెడు తీస్తే ఒకసారి పుట్నాలు ఎక్కువ రావచ్చు, ఒకసారి వేరుశెనగలు. అందుకే ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. 24 గంటల్లో తాగగా మిగిలినది పారబోయాలి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, కాబట్టి వెనక రాసింది చదవకుండా ఏ గిన్నే తీయకండి.

సరిగ్గా కలిపితే అదెంత గొప్ప మందో కూడా చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, ఎక్కించడానికి సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, వంటసోడా తూచి ప్యాకెట్లు కట్టి నీళ్లలో కలిపి తాగించింది. పట్టేది ఎక్కువగా రోగుల ఇంటివాళ్లే. అక్కడ మరణాలు బాగా తగ్గాయి. ఆయన చనిపోయాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. మన హైదరాబాద్‌లో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్, చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలకు ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మడం మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. డబ్బా మీద బొమ్మ చూసి కొనే అలవాటు నాకూ ఉండేది.

చిన్నోడు కోలుకున్నాక, క్లాసులో నేను నిర్వచనాలతో మొదలుపెట్టడం మానేశాను. ఇప్పుడు ముందు బీట్‌రూట్ రసం. ఒక చెంచా రసంలో తొమ్మిది చెంచాల నీళ్లు పోయాలి. అందులోంచి ఒక చెంచా తీసి ఇంకో గ్లాసులో వేసి మళ్లీ తొమ్మిది చెంచాల నీళ్లు. అలా ఐదు గ్లాసులు. పై తరగతుల్లో ఇదే ప్రయోగం పొటాషియం పర్మాంగనేట్‌తో చేస్తారు, దాని రంగు ఇంకా చాలాసేపు నిలుస్తుంది. బీట్‌రూట్ అయితే మూడో గ్లాసుకే పిల్లల్లో గొడవ మొదలవుతుంది. రంగు ఉందని సగం మంది, పోయిందని సగం మంది. ఐదో గ్లాసు దగ్గర అందరూ పోయిందనే అంటారు. "ఎటు పోయింది?" అని అడుగుతాను. క్లాసంతా గప్‌చుప్. ఒకడు మెల్లగా అంటాడు, "పోలేదు మేడం, కనిపిస్తలేదు."

ఆ మాట కోసమే నేను ఎదురుచూసేది. ఎందుకంటే నల్గొండ జిల్లా కథ అదే. అక్కడ చాలా ఊళ్లలో బోరు నీళ్లు అద్దంలా తేటగా ఉండేవి. అందులోని ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులు ఉన్నారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఎంత కొంచెమో తెలియాలంటే మీ మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకును తలచుకోండి. దానంతటికీ కలిపి గ్రామున్నర, పావు చెంచా ఉప్పంత. గుడ్డతో వడగడితే అది రాదు, కాచినా పోదు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని తీయడానికి కనిపెట్టిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. బురద నీళ్లలో మన పెద్దలు తిప్పిన పటికే అక్కడా వాడతారు, కానీ సున్నంతో కలిపి, ఆ నీటిని పరీక్షించి లెక్కగట్టిన మోతాదులో.

వచ్చే వారం మీ పిల్లలు ఇంట్లో ఉన్న గ్లాసులూ చెంబులూ కొలుచుకుని రావాలి. చేయాల్సింది అంతే. లీటరు నీళ్ల సీసా ఒకటి, ఓపిక కొంచెం ఇవ్వండి. నీళ్లు ఒలకబోస్తారు, ఒలకబోయనివ్వండి. వాళ్ల బదులు మీరు కొలిచి రాసివ్వొద్దు. బజారులో రెడీమేడ్ ప్రాజెక్టు ఉంటుందేమోనని వెతకొద్దు. ఇది దొరకదు. నిరుడు మా సెక్షన్‌లో వచ్చిన గ్లాసుల్లో అతి చిన్నది 90 మిల్లీలీటర్లు పట్టింది, అతి పెద్దది 350. రెండింటినీ మనం 'గ్లాసు' అనే అంటాం. ఒక తండ్రి పిల్లాడి కొలతలు చూసి, పత్తికి మందు కొట్టేటప్పుడు తాను సీసా మూతతో పోసేది ఎంతో తొలిసారి కొలిచానని నాతో చెప్పారు. ఎంత తేడా వచ్చిందో మాత్రం చెప్పలేదు.

ఒక జాగ్రత్త. ఇంట్లో కొలవనిచ్చేది నీళ్లు, ఉప్పు, చక్కెర, రసాలు మాత్రమే. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ పిల్లలకు అందనివ్వకండి, మీరు కూడా ఆ రెండూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకని చోట ఏం చేయాలని మీరు అడుగుతారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చక్కెర ఆరు చెంచాలు, ఉప్పు అర చెంచా. టీ చెంచా, తలగొట్టి కొలవాలి, గోపురంలా కాదు. కలిపాక రుచి చూడండి, కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. ఇది ప్యాకెట్ వచ్చేదాకా మాత్రమే. పిల్లాడు మత్తుగా ఉన్నా, మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఆగొద్దు.

మా పెద్దమ్మాయి, అప్పుడు ఆరో తరగతే, హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే మా రాగి చెంబులో లీటరు నీళ్లు పోసి, ఎక్కడిదాకా వచ్చాయో చూసి, బయట నా గోళ్ల రంగుతో ఎర్ర గీత గీసింది. పూజ చెంబు పాడు చేసిందని అత్తమ్మ ఆ రోజంతా అలిగింది. ఇప్పుడు బియ్యానికి ఎసరు పెట్టాలన్నా ఆ గీత దాకానే పోస్తుంది. "నీ గీత అరిగిపోతున్నదే పిల్లా, మళ్ల గియ్యి" అని మొన్న ఆదివారం తనే గోళ్ల రంగు సీసా తెచ్చిచ్చింది.