మొదటి రైఫిల్

మొన్న క్లాసయ్యాక ఎన్‌సీసీలో .22 కాల్చిన ఒక విద్యార్థిని ఆగి అడిగింది: "సార్, దూరపు గురి పోటీలకు పోవాలనుంది. మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఏది కొనాలి?"

నేనూ ఎన్‌సీసీలో పెరిగినవాణ్ణే. తెలిసింది చెప్పాను. "పెద్ద రైఫిల్‌కు తొందరపడకు బిడ్డా. .22తోనే మొదలుపెట్టు. భుజాన్ని తన్నదు, తూటా చవక. 50 మీటర్ల దగ్గర గాలి వాటం పట్టుబడితే, 300 మీటర్ల దగ్గరా అదే ఆదుకుంటుంది. పేరు చూసి కొనకు. బట్ నీ భుజానికి కుదిరిందా, ట్రిగ్గర్ కుదుపు లేకుండా విడుస్తుందా చూడు. డబ్బంతా రైఫిల్‌కే పెట్టకు, తూటాలకు మిగుల్చుకో. ముందు గుర్తింపున్న క్లబ్బులో చేరు. 1959 ఆయుధాల చట్టం అలాంటి సభ్యుల గురి సాధనకు .22ను పేరుపెట్టి చెప్పింది."

చెబుతుంటే తాత గుర్తొచ్చాడు. దొర వేటకు పోతే తుపాకీ మోసింది ఆయనే. ఒక్కసారి కూడా భుజానికి ఆనించుకోనివ్వలేదు. అంబేడ్కర్ పట్టుబట్టడం, 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడడం నేను తేదీలుగానే చదువుకున్నాను. ఆ పట్టుదల ఎందుకో ఇంట్లోనే ఉంది.

క్లబ్బు దరఖాస్తు ఇద్దరం కలిసి నింపాం. మోయడానికి కాదు, గురి చూడడానికి.

జై భీమ్.