నెయ్యి లేకుండా నాలుగొందల యాభై కిలోమీటర్లు

“ప్యూర్ వెజ్జా సార్?” అని హోటల్లో సర్వరు అడిగితే రెండేళ్ళ క్రితం వరకూ టక్కున “అవును” అనేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఐదు నిమిషాలు పడుతోంది. పాలు వద్దు, పెరుగు వద్దు, నెయ్యి వద్దు, పనీర్ వద్దు, తేనె కూడా వద్దు. అంతా విన్నాక సర్వరు జాలిగా చూసి “షుగరా సార్?” అంటాడు. ఈమధ్య నేను కూడా “ఆఁ, షుగరే” అనేస్తున్నా. పని తొందరగా అయిపోతోంది :)

సరే, అసలు విషయానికొస్తాను. 2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. మర్నాడు సోమవారం రంజాన్. సోమవారం సెలవు రావడం కంటే ఐటీ వాళ్ళకి పెద్ద పండగేముంటుంది? అమలాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి కార్లో పోదామని నేనూ, నా రూమ్మేటూ బయల్దేరాం. వాడిది వరంగల్. కోనసీమ ఎప్పుడూ చూళ్ళేదు. కారు వాడిది, చుట్టాలు నా వాళ్ళు, పెట్రోలు చెరి సగం. హైదరాబాదు నుంచి దాదాపు 450 కిలోమీటర్లు.

వీగన్ అయ్యాక ఇంత దూరం రోడ్డు మీద వెళ్ళడం నాకిదే మొదటిసారి. ఊళ్ళో ఉన్నప్పుడు ఏముంది, మన వంట మనమే చేసుకుంటాం, ఆఫీసుకి డబ్బా పట్టుకెళ్తాం. రోడ్డెక్కితేనే తెలుస్తుంది, మన తిండి ఎంతమంది చేతుల్లో ఉందో. అందుకని ముందు రోజు రాత్రి చింతపండు పులిహోర కలిపా. పల్లీలు, బెల్లం, అరటిపళ్ళు, రెండు సోయా పాల డబ్బాలు, బీ12 మాత్రలు సర్దా. (బీ12 చెట్ల నుంచి వచ్చే తిండిలో దొరకదు, కాబట్టి మాత్ర వేసుకోక తప్పదు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే సగం వాదనలు తగ్గుతాయి.) మా వాడు ఆ సంచీ చూసి “ఏం రా, అమెరికా పోతున్నమా, అమలాపురం పోతున్నమా?” అన్నాడు.

పొద్దున్నే ఐదింటికి బయల్దేరాం. పంతంగి టోల్ గేటు దగ్గరే తెలిసిపోయింది, హైదరాబాదులో ఉన్న ఆంధ్రా వాళ్ళందరూ ఇదే ప్లాను వేశారని. అది దాటాక మాత్రం దారి బాగుంది. నల్గొండ వైపు మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఎర్రగా పూసి ఉన్నాయి. వేపచెట్లు పూతతో ఉన్నాయి. కారు అద్దాలు దించితే ఆ వాసన లోపలికొచ్చేస్తోంది. ఏసీ వేస్తానన్నా నేనొప్పుకోలేదు.

టిఫిన్ సూర్యాపేట దగ్గర చేశాం. హైవే మీద వీగన్‌గా బతకాలనుకునే వాళ్ళకి నా అనుభవంలో తేలినవి చెప్తాను. ఇడ్లీ మీ ప్రాణస్నేహితుడు. పొడి మీద నెయ్యి పోయొద్దని మాత్రం ముందే చెప్పాలి, పోశాక చెప్తే లాభం లేదు. దోశ మీద వెన్నో నెయ్యో అలవాటుగా రాసేస్తారు. అందుకని పెనం దగ్గరికే వెళ్ళి నిలబడాలి. పెసరట్టు మంచిదే, లోపల పెట్టే ఉప్మాలో నెయ్యి ఉందేమో అడగాలి. పూరీ కూర సాధారణంగా ఫర్వాలేదు. నన్ను దెబ్బ కొట్టింది మైసూరు బజ్జీ. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది కానీ పిండి కలిపేదే పుల్లటి పెరుగుతో. మొదటి ఆరునెలలు ఆ సంగతి తెలీకుండా తిన్నా. మన భాషలో చెప్పాలంటే ట్రాన్సిటివ్ డిపెండెన్సీ అన్నమాట. మనం పిలవలేదు, మనం పిలిచినవాడు పిలిచాడు.

టీ సంగతి వేరే చెప్పాలి. హైవే టీ కొట్టు దగ్గర “పాలు లేకుండా టీ” అంటే లెమన్ టీ ఇస్తానంటాడు. ఇస్తాడు కూడా. కానీ పక్కవాడి గ్లాసులోంచి అల్లం, యాలకులు, మరిగిన పాల వాసన వస్తుంటే లెమన్ టీ తాగడం అంటే... ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ రెండేళ్ళలో నేను నిజంగా బెంగపెట్టుకున్నది ఒక్క టీ మీదే.

ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్కని కూడా నమ్మడానికి లేదు. పాలు శాకాహారం కిందే లెక్క కాబట్టి పాలపొడి కలిసిన చిప్స్‌కీ ఆకుపచ్చ చుక్కే ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో అలర్జీల గురించి రాసిన వరస చూడాలి, పాలు ఉంటే అక్కడ బయటపడుతుంది. 2022లో ఎఫ్ఎస్ఎస్ఏఐ వీగన్ పదార్థాలకి విడిగా నిబంధనలు తెచ్చి, ఆకుపచ్చ వీ అక్షరం మీద చిన్న ఆకు ఉండే గుర్తు పెట్టింది. అది నేను తెచ్చుకున్న సోయా పాల డబ్బా మీద ఉంది. దారిలో ఆగిన ఏ కొట్లోనూ ఇంకో వస్తువు మీద కనిపించలేదు.

“మామా, ఒకటి అడుగుత, కోపం తెచ్చుకోకు” అన్నాడు మా వాడు కోదాడ దాటాక. “చికెన్ తినకపోతే అర్థమైతది. పాలు ఏం పాపం చేసినయ్ రా?”

ఇదే ప్రశ్న అందరూ అడుగుతారు. నా జవాబు కొంచెం విచిత్రంగా ఉంటుంది. నన్ను మార్చింది పుస్తకమో సినిమానో కాదు, ఒక డేటాబేసు. రెండున్నరేళ్ళ క్రితం మా టీముకి ఒక విదేశీ పాడి కంపెనీ ప్రాజెక్టు వచ్చింది. ప్రతి ఆవుకీ ఒక నంబరు, ఎప్పుడు ఈనింది, రోజుకి ఎన్ని లీటర్లు ఇచ్చింది, ఇవన్నీ ఉంటాయి. రిపోర్టు రాస్తుంటే దూడల టేబుల్లో ఒక తేడా కనిపించింది. ఆడ దూడల వివరాలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. మగ దూడలవి నాలుగైదు రోజులకే ఆగిపోతున్నాయి. డేటా లోడింగులో ఏదో బగ్ ఉందనుకుని టికెట్ పెట్టా. రెండో రోజు “అనుకున్నట్టే పనిచేస్తోంది” అని రాసి టికెట్ మూసేశారు.

ఆ ఒక్క వాక్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. మగ దూడ పాలివ్వదు. కానీ దూడ పుట్టకపోతే తల్లి పాలివ్వదు. పుట్టేవాటిలో దాదాపు సగం మగవే. అవన్నీ ఎక్కడికి పోతున్నాయి? అది విదేశం సంగతి, మన దగ్గర అలా కాదులే అనుకుందామని చూశా. 1998 నుంచీ ప్రపంచంలో పాల ఉత్పత్తిలో మనమే మొదటి స్థానం. గేదె మాంసం ఎగుమతిలోనూ మనం పై వరసలోనే ఉన్నాం. దున్నపోతులతో దున్నే రోజులు ట్రాక్టర్లతోనే పోయాయి. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే నేను “శాకాహారిని” అని చెప్పుకోవడంలో ఏదో లెక్క తేలట్లేదు. అలా మానేశా.

అంతా విని మా వాడు “హ్మ్” అన్నాడు. నందిగామలో ఆపి బిర్యానీ తిన్నాడు. నేను కార్లో కూచుని పులిహోర తిన్నా. ఇద్దరం ఒకరినొకరం ఏమీ అనుకోలేదు. స్నేహం అంటే అంతే కదా.

హనుమాన్ జంక్షన్, ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి ఎండ చల్లబడింది. కింద వశిష్ఠ గోదావరి. అవతల ఒడ్డు నుంచీ కొబ్బరిచెట్లు మొదలు. రావులపాలెంలో బండి ఆపి చెరో రెండు బొండాలు తాగాం. ఇన్ని గంటల ప్రయాణంలో ఎవరినీ ఏ ప్రశ్నా అడక్కుండా తీసుకున్నది ఆ కొబ్బరి బొండమే.

నేను భయపడింది దారి గురించి కాదు, ఇంటి గురించి. అమ్మ రెండ్రోజుల ముందే వెళ్ళి అమ్మమ్మకి అంతా చెప్పేసింది. గడప దాటగానే “ఏవిట్రా, పెరుగు మానేశావంట? ఎవడు చెప్పాడు నీకు?” అంది అమ్మమ్మ. ఆవిడకి ఎనభై దాటాయి. నాకు అన్నప్రాసన నాడు నోట్లో నెయ్యి పెట్టిన చెయ్యి ఆవిడది. ఏం చెప్తాం? మా వాడు మాత్రం ముద్దపప్పులో గరిటెడు నెయ్యి పోయించుకుని మొదటి పూటే ఆవిడ మనసు కొట్టేశాడు.

రాత్రి అరుగు మీద కూచున్నప్పుడు మళ్ళీ అడిగింది. “ఇప్పుడు చెప్పు. ఎందుకు?” అని. డేటాబేసు కథ నాకు చేతనైనంతలో చెప్పా. మధ్యలో అడ్డు రాకుండా విన్నది. తర్వాత అంది.

“నేను నలభై ఏళ్ళు గేదెల్ని పిండాను. నీకు కంప్యూటర్లో కనపడింది నాకు కొట్టంలో కనపడలేదనుకున్నావా? దున్న దూడ పుడితే మీ తాతయ్య మొహం వేలాడేసేవాడు. నేను రెండు చన్నులు పిండుకుని రెండు దూడకి వదిలేదాన్ని. అయినా ఏడాది తిరక్కుండా ఎవడో వచ్చి తోలుకుపోయేవాడు. ఎక్కడికని నేనడగలేదు.”

“ఎందుకడగలేదు అమ్మమ్మా?”

“అడిగితే మీ అమ్మ కాలేజీ ఫీజు ఎవడు కడతాడురా?”

నా దగ్గర జవాబు లేదు. అమ్మ ఆ పాల డబ్బులతో డిగ్రీ చదివి టీచరైంది. అమ్మ జీతంతో నేను ఇంజనీరింగ్ చదివా. ఆ చదువుతో ఉద్యోగం, ఆ ఉద్యోగంలో ఆ డేటాబేసు, ఆ డేటాబేసు చూసి నేను పాలు మానేయడం. వెనక్కి పోతూ పోతూ ఉంటే చివర్లో అమ్మమ్మ కొట్టంలో గేదె దగ్గర తేలుతున్నా. నేను మానేసింది నా తిండినే కానీ, నేను తిన్న దాన్ని మానేయలేను కదా. ఆవిడ చేసింది తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ చేసింది కాబట్టి నేనూ తినాలి అని కూడా అనిపించలేదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఆ అరుగు మీదే మొదటిసారి అర్థమైంది.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులొచ్చి 2019లో ఆఖరి గేదెని అమ్మేశారు. “దాన్ని తోలుకెళ్తుంటే నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను” అంది. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మర్నాడు ఉగాది. పచ్చడిలో చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ, వేపపువ్వు, ఉప్పు, కారం. ఇన్నేళ్ళలో నేను గమనించలేదు, ఆరు రుచుల్లో ఒక్కటి కూడా పాలది కాదు. మామిడికాయ పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కొబ్బరి మామిడికాయ పచ్చడి, వడలు... విస్తట్లో ముప్పాతిక వంతు ఎప్పట్నించో వీగనే. ఆ పేరు మాత్రం 1944లో ఇంగ్లండులో పుట్టింది.

బొబ్బట్లు మాత్రం అమ్మమ్మ నాకోసం విడిగా నువ్వుల నూనెతో చేసింది. ఎలా ఉన్నాయంటారా? నేతి బొబ్బట్లంత బాగా లేవు. అబద్ధం ఎందుకు, ఆవిడ కూడా ఒకటి తుంచి నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టింది. నేను నాలుగు తిన్నా.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేస్తే ఆవిడ దృష్టిలో అది భోజనమే కాదు. “ఒక్క ముద్ద తినరా, ఆవిడ కోసం” అని అమ్మ కళ్ళతో సైగ చేస్తోంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో తినేద్దామనే అనిపించింది. ఎనభై దాటిన మనిషి, ఇంకెన్ని ఉగాదులు వడ్డిస్తుంది? నేను నోరు తెరిచేలోపే అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నె పట్టుకొచ్చింది. కొబ్బరిపాలు. అన్నంలో పోసి, ఉప్పేసి, అల్లం పచ్చిమిర్చి తాలింపు కలిపింది. “ఇది పెరుగు కాదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. కడుపు చల్లబడాలి కాబట్టి తిను” అంది. తిన్నా. అమ్మ ఆ తర్వాత నావైపు చూళ్ళేదు.

సోమవారం తిరుగు ప్రయాణం. మా వాడు రావులపాలెంలో ఆగి ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు కొన్నాడు. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బియ్యప్పిండి పలచటి రేకు, బెల్లం, అంతా బాగానే ఉంది, మధ్యలో నెయ్యి. నేను డబ్బా మీద బొమ్మ చూస్తూ కూచున్నా.

అన్నట్టు, బయల్దేరేటప్పుడు అమ్మమ్మ నా చేతికి ఒక స్టీలు క్యాను ఇచ్చింది. కూకట్‌పల్లిలో ఉన్న మా పిన్నికి ఇమ్మని, పక్కింటి వాళ్ళ వెన్న కొని కాచిన నెయ్యి. “నువ్వు తినకపోతే మానెయ్, మొయ్యడానికేం?” అంది. కార్లో పెడితే ఒలుగుతుందేమోనని ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర మా వాడు నన్నూ, క్యానునీ మార్చి మార్చి చూసి ఒకటే నవ్వు.

చుక్క కూడా ఒలకకుండా అప్పజెప్పా. పిన్ని మూత తీసి వాసన చూసి, “నీకు కొంచెం పెట్టనా?” అంది.