సీసాలు అయిదు, వైన్ ఒకటే

ప్రియొరాట్ రెడ్ వైన్ మొదటి గుక్కకే మచ్చికయ్యే రకం కాదు. చిక్కగా, వగరుగా ఉండి, తీపి ఆలస్యంగా తెలుస్తుంది. స్పెయిన్‌లో, బార్సిలోనాకి నైరుతిగా కొండల మధ్య ఉన్న చిన్న ప్రాంతం ప్రియొరాట్. అక్కడ మట్టి తక్కువ, లికొరెల్లా అనే నల్లటి పలకరాయి ఎక్కువ. నీటి కోసం ద్రాక్ష వేళ్లు ఆ రాతి పగుళ్లలోకి దిగాల్సిందే. కాపు తక్కువ, రసం గాఢం. పాత గార్నాచా, కారిన్యేనా రకాల ద్రాక్షతీగలే ఈ వైన్‌కి ప్రాణం. కాస్త కాబెర్నే, సిరా కూడా కలుపుతుంటారు.

నాకు భలే నచ్చింది మాత్రం 1989 సంగతి. అక్కడి గ్రతల్యోప్స్ ఊళ్లో వైన్ తయారీదారులు రెనె బార్బియే, ఆల్వరో పలాసియోస్, మరికొందరు మిత్రులు పంటంతా ఒకేచోట పోగేసి, ఒకే వైన్ చేసి, అయిదు లేబుళ్లు అంటించారు! (మనవాళ్లయితే గట్టు దగ్గరే తగువు మొదలయ్యేది.) తర్వాత ఎవరి వైన్ వాళ్లదే అయింది. ధరలు మాత్రం అడక్కండి.