మూడో యంత్రం

లక్షల సరుకుల్లోంచి మీరడిగిన చీరను క్షణంలో వెతికి పెట్టే సర్వర్లుంటాయే, వాటిని కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం. మావి మూడు, ఎలాస్టిక్‌సెర్చ్‌తో నడుస్తాయి. ఇండెక్సును ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ వేరే సర్వరు మీద నకలు పెడతాం. అసలూ నకలూ ఒకేచోట ఉండవు. ముందున్న లోడ్ బాలెన్సరు వచ్చే ప్రశ్నలను మూడింటికీ పంచుతుంది. ఒకటి పలకకపోతే దాన్ని వరసలోంచి తప్పిస్తుంది. లోపల నకలే అసలు స్థానంలోకి వస్తుంది.

ఇంత ఏర్పాటుండగా భయమేమిటని నిశ్చింతగా ఉండేవాణ్ణి. మొన్న పండుగ ముందు రాత్రి ఒకటి పడింది. నకళ్ళు లేచాయి. హమ్మయ్య అనుకునేలోగా రెండోదీ పడింది!

తెల్లవారాక లెక్క వేశాను. మూడూ నూటికి 80 పాళ్ళు మోస్తున్నాయి. ఒకటి తప్పుకుంటే తక్కిన రెంటిమీదా చెరి 120! నకలుంది గాని, మోసేందుకు సత్తువ మిగల్లేదు.

ఉసూరుమంటూ ఇల్లు చేరాను. మోకాళ్ళ నొప్పులతో అమ్మ మంచమెక్కి వారమైంది. ఇద్దరి పనీ మా ఆవిడే చేస్తోంది. ఆ ఉదయం తనకూ జ్వరం.

"కాఫీ..." అనబోయి నాలుక కరుచుకున్నాను. మా ఇంట్లోనూ యంత్రాలు మూడే. మూడోది ఇన్నాళ్ళూ పడక్కుర్చీలో ఉంది.

ఆఫీసులో నాలుగో సర్వరు పెట్టించాం. ఇప్పుడు ఒక్కోదాని మీదా 60. ఒకటి పడినా మిగిలినవి 80తో నిలబడతాయి. ఇంట్లో కొత్తది అక్కర్లేకపోయింది. నేనే వంటింట్లోకి వెళ్ళాను.

కాఫీపొడి డబ్బా వెతకడానికి మాత్రం అరగంట పట్టిందండీ!