మతిమరుపు మాత్ర వేస్తున్నారా? నాడి కూడా చూడండి

ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతే మన నోట ముందు వచ్చే మాట "నీరసం". గ్లూకోజు కలిపిస్తాం, మజ్జిగలో ఉప్పేసి ఇస్తాం, కాసేపు పడుకోబెడతాం. చాలాసార్లు దానితోనే సర్దుకుంటుంది. కానీ వాళ్ళు మతిమరుపు జబ్బుకి మాత్రలు వేసుకుంటుంటే మాత్రం అక్కడితో వదిలెయ్యకూడదు. మా అత్తగారి విషయంలో నేను తెలుసుకున్న సంగతి ఇది.

మా అత్తగారికి 76 ఏళ్ళు. మామగారు పోయినప్పటి నుంచీ దిగులు జబ్బుకి మానసిక వైద్యుల దగ్గర ఎస్సిటలోప్రామ్ వాడుతున్నారు. బీపీకి వేసుకునే ఎటెనొలాల్ వేరే డాక్టరుగారు రాసింది. రెండేళ్ళ క్రితం మతిమరుపు మొదలైంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వెయ్యడంతో మొదలై, మావారిని "తమ్ముడూ, ఎప్పుడొచ్చావురా?" అని పలకరించేదాకా వచ్చింది. అప్పుడు మానసిక వైద్యులు డోనెపెజిల్ రాశారు. ముందు 5 మిల్లీగ్రాములు, నెలన్నర తర్వాత 10.

జబ్బు నయం కాదు, కొంతకాలం కాస్త నిలబెడుతుందంతే అని ముందే చెప్పారు. అయినా మాకు తేడా కనిపించింది. మావారిని కొడుకుగా పోల్చుకున్నారు. మా అమ్మాయిని పిలిచి తనే జడ వేశారు. ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది.

10 మొదలైన మూడోవారంలో తులసికోట దగ్గర పడిపోయారు. నాలుగు రోజులకి మళ్ళీ స్నానాలగది గుమ్మంలో. చూడవచ్చిన వాళ్ళు "ఈ వయసులో మామూలే" అన్నారు. మొహం పాలిపోయి చెమటలు పడుతుంటే నాకు అనుమానం వచ్చి, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాను. నిమిషానికి 44! మామూలుగా 60 నుంచి 100 మధ్య ఉండాలి. "కళ్ళు తిరిగాయా అత్తయ్యా?" అంటే "నేనెక్కడ పడ్డానమ్మాయ్?" అన్నారు. అసలు కష్టం ఇక్కడే ఉంది. మతిమరుపు ఉన్న మనిషి తన బాధ తను చెప్పుకోలేదు. మనమే కనిపెట్టాలి.

ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు. గుండె డాక్టరుగారు అర్థమయ్యేలా చెప్పారు. జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోకుండా డోనెపెజిల్ కాపాడుతుందట. కానీ గుండె వేగాన్ని తగ్గించే నరం కూడా ఆ రసాయనంతోనే పనిచేస్తుంది. అందుకని కొందరిలో గుండె మరీ నిదానిస్తుంది. రివాస్టిగ్మిన్, గాలంటమిన్ కూడా ఈ కోవలోవే. ఎటెనొలాల్ కూడా గుండెను నెమ్మదింపజేసేదే. రెండూ కలిసేసరికి అత్తయ్యకి పట్టు తప్పింది.

ఇంకొకటి కూడా చెప్పారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధమయ్యే సమయాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు. డోనెపెజిల్, ఎస్సిటలోప్రామ్, మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ లాంటివి దాన్ని పొడిగించవచ్చు. మరీ పొడుగైతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. కెనడాలోని ఒంటారియోలో పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశీలన 2009లో వెలువడింది. మతిమరుపు మందులు వాడేవాళ్ళు స్పృహ తప్పి ఆసుపత్రికి రావడం, వాడనివాళ్ళకన్నా ఒకటిన్నర రెట్లకు పైగా ఉందని అందులో తేలింది.

ఇది విని మా వదినగారు "ఆ మందులన్నీ ఆపెయ్యండి" అన్నారు. ఆపితే మళ్ళీ మమ్మల్ని మర్చిపోతారేమో, ఆపకపోతే ఏమవుతుందో! ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని మధ్యేమార్గం చెప్పారు. డోనెపెజిల్ 5కి తగ్గించారు. ఎటెనొలాల్ ఒక్కసారిగా మానకూడదని కొద్దికొద్దిగా తగ్గించి, గుండెను నెమ్మదింపజెయ్యని బీపీ మందు ఇచ్చారు. ఇప్పుడు నాడి 64 దాకా ఉంటోంది. ఎనిమిది నెలలుగా పడలేదు. అయితే కొన్నిరోజులు మళ్ళీ "తమ్ముడూ" అంటున్నారు. మావారు "వచ్చానక్కా" అని పక్కన కూర్చుంటారు. క్షేమంగా తిరుగుతున్నారు, అది చాలు మాకు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవాళ్ళుంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళుంచి, నిమిషంపాటు నాడి లెక్కపెట్టి కాలెండరు మీద రాయండి. 50కి తగ్గినా, కళ్ళు తిరిగినా డాక్టరుకి చెప్పండి. స్పృహ తప్పితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియాలి. ఈసీజీ అవసరమా అని మీరే అడగండి.

వాంతులకి ఒండాన్‌సెట్రాన్, డాంపెరిడోన్, దగ్గుకి అజిత్రోమైసిన్ లాంటివి దుకాణంలో అడిగి తెచ్చి వెయ్యకండి. ఇవి కూడా క్యూటీని పొడిగించగలవు. విరేచనాలు ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గి ప్రమాదం పెరుగుతుంది. ఆలస్యం చెయ్యకండి.

భయపడి మీ అంతట మీరు మందు ఆపకండి. చాలామందికి ఇది సరిగ్గానే పడుతుంది. పడుతోందో లేదో కనిపెట్టి చూడవలసింది, రోజూ పక్కనుండే మనమే.