అచ్చు తప్పిన శశిరేఖ

అచ్చు చీర కొనేముందు మనమందరం చేసే పని ఒకటే. మడత విప్పి, పువ్వు గీతలో ఉండాల్సిన రంగు పక్కకి జారిందేమోనని చూస్తాం. జారిందో, "మరి తగ్గించి ఇస్తావా?" అని మొదలుపెడతాం. బేరానికి అంతకన్నా మంచి ఆయుధం లేదు. కాకపోతే అది మన చేతిలో ఉంటే ఒకలాగ, ఎదుటివాడి చేతిలో ఉంటే ఇంకోలాగ ఉంటుంది!

మా ఇచ్చోడలో, వెనక వీధిలో, నన్ను నోరారా అక్కా అని పిలిచే ఒకావిడ ఉంది. వాళ్ళ మామగారు డెబ్భైల్లో టూరింగ్ టాకీసుకి వాల్‌పోస్టర్లు అంటించేవాడు. అంటించగా మిగిలిన నాలుగు ట్రంకుపెట్టెలో పాతచీరల కింద ఇన్నేళ్ళూ భద్రంగా పడివున్నాయి. కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలోనే, పాత పోస్టర్లు కొనే ఒకాయన వాటిని వెతుక్కుంటూ వచ్చాడు. మూడింటికి మంచి ధరే చెప్పి, నాలుగోదైన 'మాయాబజార్' దగ్గర పెదవి విరిచాడట. శశిరేఖ పెదవుల ఎరుపు కాస్త పక్కకి జరిగింది మరి!

"గీ ఎర్రగీతకే సగం ధర కోస్తడా అక్కా? పుస్తకాలు రాస్తవు గదా, జెర చూసి చెప్పు" అంటూ పోస్టరు పట్టుకొచ్చింది.

నవలలు రాసేవాళ్ళకి అచ్చు సంగతులు తెలియకుండా ఎలా ఉంటాయి చెప్పండి! రంగుల బొమ్మ ఒక్క దెబ్బతో అచ్చు కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో రంగుకో రాయి. తర్వాత రాయి పోయి లోహపు రేకు వచ్చినా పద్ధతి అదే. పసుపు ఒకసారి, ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి. ఈ మధ్యలో కాగితం తేమ పీల్చి వెంట్రుకవాసి సాగిందా, తర్వాతి రంగు తన చోట కూర్చోదు. పైగా సినిమా పోస్టరు నాలుగు రోజులు గోడమీద ఉండి మేకల పాలయ్యే వస్తువు. దానికి నగిషీలు దిద్దే తీరిక ఎవరికుంటుంది? అందుకే ఆ కాలపు పోస్టర్లలో కాస్తంత రంగు జరగడం మామూలే. మొహానికి రెండు ముక్కులు కనిపించేంత జరిగితే మాత్రం ధర పడిపోతుంది. గోడకి పెట్టుకునేది మొహం కోసమేగా!

తపాలా బిళ్ళల లోకం దీనికి తలకిందులు. 1918లో అమెరికాలో 24 సెంట్ల బిళ్ళమీద విమానం తిరగబడి అచ్చయింది. అలాంటివి బయటికొచ్చింది ఒక్క షీటు, వంద బిళ్ళలు. ఇప్పుడు ఒక్కొక్కటీ లక్షల డాలర్లు! బిళ్ళల్ని తనిఖీ చేసి తప్పువాటిని తీసేస్తారు కనుక, జారిపోయి బయటపడ్డ తప్పు అపురూపం. పోస్టర్లని అంతగా వడపోసేవాళ్ళెవరు? అందరికీ ఉన్న మచ్చకి వెల పెరగదు, అలాగని సగానికి సగం తరగనూ కూడదు.

అసలు ధర తేల్చే ప్రశ్న వేరే ఉంది. అది ఎప్పటి అచ్చు? 'మాయాబజార్' మొదట విడుదలైంది 1957లో. ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చింది, 2010లో రంగులు కూడా అద్దుకుంది. మొదటి విడుదల కాగితానికున్న విలువ తర్వాతివాటికి రాదు. మామగారు పనిచేసింది డెబ్భైల్లో కనుక ఇది మలివిడుదలదే అయుండాలి. ఇక ఈకాలపు నకళ్ళయితే, పాత మడత గీతల్ని కూడా అచ్చేసుకుని వస్తాయి. కంటికి మడత కనిపిస్తుంది, వేలితో తడిమితే కాగితం నున్నగా ఉంటుంది. ఈ పోస్టరు మడత మాత్రం వేలికి తగిలింది.

ఇదంతా ఆవిడకి చెప్పాను. మర్నాడు ఆయన వస్తే ఏమందో తెలుసా?

"ఇది రెండోపారి ఆడినప్పటిది సార్. గందుకు తగ్గిస్తే తగ్గించుండ్రి, ఒప్పుకుంట. ఎర్రగీతకు మాత్రం పైస తగ్గించ. వద్దంటే గా మూడే తీస్కపోండ్రి."

లేచినాయన మళ్ళీ కూర్చున్నాడు. చివరికి చెప్పిన సగం కంటే బాగా ఎక్కువే ఇచ్చి పట్టుకెళ్ళాడు. ఫీజు గడువులోగానే కట్టేశారు.

మీ ఇంట్లోనూ అటకమీద పాత పోస్టరో, పటమో ఉండొచ్చు. చిరుగుకి టేపు అంటించకండి, అంచు తెల్లగా ఉందని కత్తిరించకండి, లామినేషను జోలికి అసలే పోకండి. అచ్చులో వచ్చిన తప్పుని లోకం క్షమిస్తుంది గానీ, ముచ్చటపడి మనం చేసే బాగుల్ని మాత్రం క్షమించదు!