అద్దాల మేడల వెనక వీధి

రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే కెమెరామన్ తలెత్తి చూసింది మేడల్ని కాదు, వీధి దీపాల్ని. "అన్నీ తెల్లవే" అన్నాడు ఉసూరుమంటూ. జీహెచ్‌ఎంసీ నగరమంతా పాత సోడియం దీపాలు పీకేసి ఎల్‌ఈడీలు బిగించాక, పోలీసు సినిమా అనగానే గుర్తొచ్చే పసుపు రాత్రి ఇక్కడ కరువైంది. 2004లో మైఖేల్ మాన్ 'కొల్లేటరల్' తీసినప్పుడు లాస్ ఏంజెలిస్ రాత్రి వెలుతురును పట్టుకోవడానికే చాలా భాగం డిజిటల్ కెమెరా వాడాడు. చేతిలో డబ్బు లేనివాళ్లకు ఆ దారి సైబరాబాద్‌లో ఎంతవరకు పనికొస్తుందో చూడటానికే, చిన్న బడ్జెట్ పోలీసు సినిమా ఒకదాని కోసం ఈ రెక్కీ. దర్శకుడు, కెమెరామన్, ప్రొడక్షన్ మేనేజర్, రాసుకోవడానికి వెంట నేను.

దర్శకుడి మనసంతా సైబర్ టవర్స్ మీదే. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఆ గుండ్రటి భవనం కనిపిస్తే చాలు, కథ ఎక్కడ జరుగుతోందో ప్రేక్షకుడికి చెప్పక్కర్లేదు. కానీ ఆ చుట్టుపక్కల ఏ ఆఫీసు గేటు ముందు ఫోన్ పైకెత్తినా వాచ్‌మన్ పరుగెత్తుకొస్తాడు. "సార్, ఈడ ఫొటోలు తియ్యొద్దు. లోపల పర్మిషన్ తెచ్చుకోవాలె." అద్దాల మేడల్లోకి వెళ్లి తీయాలంటే అద్దె, అనుమతి, డిపాజిట్ మూడూ కావాలి. పైగా ఎటు తిప్పినా అద్దంలో యూనిట్ అంతా కనిపిస్తుంది.

చిన్న బడ్జెట్లో తీయడం తెలుగులో కొత్త కాదు. తప్పిపోయిన పాప కోసం వెతికే 'క్షణం' 2016లో వచ్చింది. కోటి రూపాయలకు కాస్త అటూ ఇటూగా తీశారని అప్పట్లో గట్టిగానే చెప్పుకున్నారు. 2020లో వచ్చిన 'హిట్' కథ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఆగిపోయిన అమ్మాయితో మొదలవుతుంది. ఖాళీ రోడ్డు, ఆగిన కారు, ఒక పోలీసు: భయం పుట్టడానికి అంతకుమించి పెద్దగా ఖర్చు కాలేదు. 1989 నాటి 'అంకుశం'లో ఖాకీ చొక్కా నడివీధిలో గర్జించింది. ఐటీ కారిడార్ పోలీసుకు ఎదురయ్యేది వేరే రకం నేరం. సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలో 2006లో ఐటీ సంస్థలూ పోలీసులూ కలిసి భద్రతా మండలి పెట్టుకున్నారంటేనే ఇక్కడి సంగతి తెలుస్తుంది.

అసలు లొకేషన్ మాదాపూర్ లోపలి సందుల్లో దొరికింది. ఒకదాన్నొకటి ఒరుసుకునే హాస్టల్ భవనాలు, 'త్రీ షేరింగ్, ఏసీ, నాన్ ఏసీ' అని వేలాడే బోర్డులు, బాల్కనీ గ్రిల్లుకు ఆరేసిన చొక్కాలు, మెడలో కంపెనీ ట్యాగు తియ్యకుండానే దోశ బండి దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు. కారుతూ పోయిన నీళ్ల ట్యాంకర్ వెనక రోడ్డు తడిసి నిగనిగలాడింది. రాత్రి సీన్లకు వెలుతురు ప్రతిఫలించాలని పెద్ద సినిమాలవాళ్లు డబ్బిచ్చి మరీ రోడ్డు తడుపుతారు. ఇక్కడ ఆ పని ట్యాంకర్ ఊరికే చేసిపెడుతోంది!

కెమెరామన్ అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెట్టాడు. కెమెరాను 4,000 కెల్విన్ దగ్గర పెడితే వీధి ఎల్‌ఈడీ కొంచెం నీలంగా, దోశ బండి బల్బు పసుపుగా వస్తాయి. వేరే లైట్లు అద్దెకు తేకుండానే రెండు రంగులు. 85 ఎం.ఎం. లెన్స్‌తో సందు చివర చూస్తే దూరాన అద్దాల మేడ మసక వెలుగుల ముద్దలా మిగులుతుంది. నాకు నచ్చిన సంగతి ఇదే. ఆ మేడ లోపలికి వెళ్లక్కర్లేదు. దాని నీడలో బతికే వీధిలో నిలబడి దానివైపు చూస్తే చాలు, డబ్బూ అధికారమూ ఎటు ఉన్నాయో ఫ్రేమే చెబుతుంది.

దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 2020 సెప్టెంబరులో తెరిచారు, చక్కగా ఉంటుంది. కానీ ఆ రంగు దీపాల కింద ఎస్ఐని నిలబెడితే వెనకాల పాట మొదలవుతుందేమో అనిపిస్తుంది. డ్రోన్ షాట్ కూడా వద్దనుకున్నారు. 2021 నాటి డ్రోన్ నిబంధనల జోన్లు చూసుకోవాలి, అనుమతులు తెచ్చుకోవాలి. అంతా చేస్తే చివరికి ప్రతి సినిమాలోనూ చూసిన దృశ్యమే వస్తుంది. ఖాజాగూడ గుట్టలు మాత్రం ఖరారయ్యాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండల మధ్య శవం దొరకాలి, వెనకాల క్రేన్లు కదలాలి.

స్టేషన్ సెట్ కోసం అసలు ఠాణాల జోలికి పోకుండా పాత ఇల్లొకటి అద్దెకు తీసుకుంటారు. యూనిఫాంలూ జూనియర్ ఆర్టిస్టులూ కృష్ణానగర్ నుంచి వస్తారు. స్టేషన్ రైటర్ బల్ల మీద కట్టలు కట్టిన ఫైళ్లు, చార్జింగుకు పెట్టిన వైర్‌లెస్ సెట్, సగం తాగిన టీ సరిగ్గా కుదిరితే లాకప్ చూపించకపోయినా పర్వాలేదని దర్శకుడి వాదన. ఖాకీ కొత్తగా మెరవకూడదని, షూటింగుకు ముందు బాగా ఉతికించాలని కాస్ట్యూమర్‌కు అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పేచీ వచ్చింది. ఆదివారం రోడ్లు ఖాళీ, కానీ మేడల్లో దీపాలు వెలగవు. పనిరోజుల్లో దీపాలుంటాయి, అడుగు తీసి అడుగు వేసే చోటుండదు. చివరికి పనిరోజు రాత్రి రెండు గంటల తర్వాత, షిఫ్టు క్యాబులు పలచబడ్డాక తీద్దామన్నారు. ప్రొడక్షన్ మేనేజర్ వెంటనే నైట్ బేటాల లెక్క తీశాడు. ఆ సీన్లో మాటలు తగ్గించి, నలుగురు కానిస్టేబుళ్లను ఇద్దరు చేస్తేనే రెండో రాత్రికి పర్మిషన్ అడుగుతానన్నాడు.